మంచునేలలో పూలగడ్డలు

తొలకరి చినుకు నేలపై పడినంతనే నాగలి పట్టుట తెలుగు రైతునకు తరతరములనుండి వచ్చిన అలవాటు. ఏరువాక సాగించి విత్తనము చల్లిన నాలుగైదు దినములకే పచ్చని మొలక మట్టిని చీల్చుకొని పైకి వచ్చును. వేసినది మొలచినదో లేదో తెలిసికొనుటకు అతడు వారము దినములకంటె ఎక్కువ కాలము ఎదురుచూడ నక్కరలేదు. ఈ పద్ధతికి పూర్తిగా విరుద్ధమైన సేద్యము జరుగు ప్రదేశములు భూమిపై కొన్ని కలవు. కెనడా దేశమునకు రాజధానియైన ఒట్టావా నగరము అట్టి వానిలో నొకటి.

అక్టోబరు మాసమున ఒట్టావాలో మేపుల్ చెట్ల ఆకులు ఎఱ్ఱబారి రాలిపోవుచుండును. పక్షులు దక్షిణ దిక్కునకు వలసపోవును. ప్రకృతి యంతయు తలుపులు మూసికొని నిద్రకు సిద్ధమగుచున్నట్లు తోచును. సరిగా ఆ సమయముననే తోటమాలులు బుట్టలతో గడ్డలను తెచ్చి, చల్లని నేలపై మోకరిల్లి, ఒక్కొక్కదానిని మట్టిలో పాతుదురు. మఱి ఆరు నెలలవఱకు ఆ మడులలో కంటికి కనిపించున దేమియు నుండదు. నవంబరు ముగియు నప్పటికి మంచు కురియ నారంభించును. జనవరిలో సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువన పది డిగ్రీల ప్రాంతమున నుండును; కొన్ని రాత్రులయందు అది సున్నకు దిగువన ఇరువదియైదు డిగ్రీలవఱకు దిగును. నగరము నడుమనుండి పాఱు రీడో కాలువ బిగిసి రాతిపలకవలె నగును. దానిపై 7.8 కిలోమీటర్ల పొడవున జనులు ఇనుప పాదుకలు ధరించి జారుచు విహరింతురు. ఇంతటి చలిలో, మంచు దుప్పటి క్రింద, ఆ గడ్డలు బ్రతికియుండుటయే కాదు, మే నెల వచ్చుసరికి లక్షలకొలది తులిప్ పూవులను ధరించి నిలుచును.

ఇది యెట్లు సాధ్యమైనదో తెలియవలెనన్న, ముందుగా గడ్డ యననేమో తెలియవలెను. అందులకు కెనడా పోనక్కరలేదు. వంటయింటిలోని ఉల్లిగడ్డ చాలును. ఉల్లిగడ్డను నిలువుగా రెండు బద్దలుగా కోసి చూచినచో, అడుగున చదునైన చిన్న బిళ్ళవంటి భాగ మొకటి కనిపించును. అదియే ఆ మొక్కయొక్క కాండము. దాని అడుగునుండి వేళ్ళు పుట్టును. దానిపై ఒకదాని నొకటి కప్పుకొనియున్న దళసరి పొరలన్నియు ఆకులే. అవి సూర్యరశ్మిలో పనిచేయు ఆకులు కావు. ఆహారమును దాచుకొను ఆకులు. వాని నడుమ, పట్టుపొత్తిళ్ళలోని శిశువువలె, రాబోవు మొక్కయొక్క మొగ్గ యుండును. వృక్షశాస్త్రమున ఇట్టి గడ్డకు లశునమని పేరు. లశున మనగా సంస్కృతమున వెల్లుల్లి. వెల్లుల్లియు ఈ జాతిదే గనుక ఆ పేరు ఎంతయు తగియున్నది.

తులిప్ గడ్డ చూచుటకు చిన్న ఉల్లిగడ్డవలెనే యుండును. పైన గోధుమరంగు పలుచని పొర, లోపల తెల్లని దళసరి రేకులు. కాని శరదృతువున దానిని కోసి భూతద్దముతో పరిశీలించినవారికి ఒక విచిత్రము గోచరించును. గడ్డ నడిబొడ్డున ఆరు రేకులు, ఆరు కేసరములు, అండాశయము, అన్నియు గల పూవు అతి సూక్ష్మరూపమున అప్పటికే సిద్ధమై యుండును! గత వసంతమున పూచి, ఆకులు ఎండిన పిమ్మట, వేసవిలో ఆ గడ్డ ఊరక నిద్రించుచున్నట్లు పైకి కనిపించినను, లోలోపల మఱుసటి సంవత్సరపు పూవును నిర్మించుకొనుచునే యుండెను. హాలెండు దేశమున వాగెనింగెన్ పట్టణమందలి బ్లావ్ అను శాస్త్రజ్ఞుడు 1920 ప్రాంతమున మొదలిడి, హయసింత్, తులిప్ మున్నగు గడ్డలను వేర్వేరు వేళలలో కోసి చూచి, ఈ లోపలి పని ఏ మాసమున ఎంతవఱకు జరుగుచున్నదో, ఏ ఉష్ణోగ్రతలో త్వరపడుచున్నదో ఓపికతో కనిపెట్టెను. కావున అక్టోబరులో తోటమాలి పాతునది విత్తనము కాదు. పూర్తిగా తయారైన పూవునే అతడు పాతుచున్నాడు. పూవు తయారైనది, కాడ మాత్రము ఎదుగలేదు.

ఆ కాడ యెదుగుటకు చలి కావలెను. వినుటకు వింతగా నున్నను ఇది సత్యము. తులిప్ గడ్డ తడిమట్టిలో వేళ్ళూని, సుమారు పండ్రెండు మొదలు పదునాఱు వారములవఱకు తొమ్మిది డిగ్రీలకంటె తక్కువ ఉష్ణోగ్రతలో గడుపవలెను. ఆ చలికాలము గడచినగాని గడ్డలోని మార్పులు పూర్తి కావు. చలిలో గడ్డయందలి పిండిపదార్థము కొంత చక్కెరగా మాఱును. ఆ చక్కెరవలన రెండు లాభములు కలవు. మొదటిది, వసంతమున కాడ వేగముగా ఎదుగుటకు అది సిద్ధాహార మగును. రెండవది, చక్కెర కలసిన నీరు ఉత్త నీటికంటె ఎక్కువ చలిలోగాని ఘనీభవింపదు. కనుక గడ్డలోని కణములు మంచువలన పగిలిపోకుండ కొంతవఱకు రక్షణ లభించును. చాలినంత చలి దొరకని గడ్డను నాటినచో ఏమగును? కొన్ని ఆకులు వచ్చును. పూవు పొట్టి కాడపై ఆకుల నడుమనే చిక్కుకొని విప్పారలేక యుండును. లేదా మొగ్గలోనే ఎండిపోవును. విజయవాడలోనో హైదరాబాదులోనో తులిప్ గడ్డను తెచ్చి నేరుగా పెరటిలో నాటినవారికి పూవు దక్కకపోవుటకు కారణ మిదియే. ఎరువు చాలకకాదు, నీరు చాలకకాదు; చలి చాలక.

ఈ స్వభావము దాని పుట్టినింటినుండి వచ్చినది. మధ్య ఆసియాలోని తియెన్ షాన్, పామీరు పర్వతముల చరియలు అడవి తులిప్ జాతులకు జన్మస్థానములు. అచ్చట శీతకాలము దీర్ఘము, కఠినము. వేసవి మిక్కిలి వేడి, చుక్క వాన యుండదు. ఈ రెండింటి నడుమ మంచు కరగిన నీరు నేలలో నుండు వసంతము కొద్ది వారములు మాత్రమే. విత్తనమునుండి మొదలుపెట్టి ఎదుగువానికి ఆ కొద్దికాలము చాలదు. అందుచేత ఆ మొక్క ఆహారమును, పూవును ముందుగనే గడ్డలో సిద్ధపఱచుకొని, మంచు కరగినంతనే పైకి వచ్చి, పూచి, కాచి, ఎండ ముదురకమునుపే మరల భూమిలోనికి దాగిపోవుట నేర్చినది. శీతకాలపు నడుమ ఒకనాడు ఎండ కాసినంత మాత్రమున మోసపోయి తల యెత్తినచో మరునాటి మంచునకు ఆహుతి కావలసివచ్చును గదా! అందులకే, తగినన్ని వారముల చలి గడచినట్లు గుర్తింపనిదే కదలకుండుట దానికి ప్రాణరక్షణోపాయ మైనది.

ఆ కొండలనుండి తులిప్పులు తుర్కీ సుల్తానుల తోటలకును, పదునాఱవ శతాబ్దమున ఐరోపాకును చేరెను. 1593లో క్లూసియస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయమునకు వచ్చి అచ్చటి తోటలో వానిని పెంచెను. తరువాత నలుబది యేండ్లకు ఆ దేశీయులు ఒక్కొక్క అరుదైన గడ్డకు ఇండ్ల వెల చెల్లించువఱకు పోయి, 1637 ఫిబ్రవరిలో బేరము ఒక్కసారిగ కూలుటతో తల పట్టుకొనిరి. ఆ కథ వేఱు.

ఇక నాటు కాలము సంగతి. అతిశీతల దేశములలో ఇదియే అన్నింటికంటె ముఖ్యము. ఇందు పొరపాటు జరిగినచో ఎంత మంచి గడ్డయైనను వ్యర్థమగును. గడ్డ శీతకాలమును గెలువవలెనన్న నేల బిగియకమునుపే వేళ్ళూనుకొనియుండవలెను. వేళ్ళు లేని గడ్డ నీటిని పీల్చలేదు. వసంతమున కాడకు బలము నీయలేదు. మట్టి చల్లబడుచున్నప్పుడే, అనగా సుమారు పది డిగ్రీల ప్రాంతమున నున్నప్పుడే, వేళ్ళు చక్కగా వచ్చును. నేల ఘనీభవించిన పిదప వాని పెరుగుదల నిలిచిపోవును. కాబట్టి నేల పూర్తిగా బిగియుటకు ఆరు వారములు ముందుగా నాటుట మంచిదని అనుభవజ్ఞులు లెక్క కట్టిరి.

మఱి అంతకంటె ముందుగా నాటినచో ఇంకను మేలు కదా యని కొందఱు తలంతురు. అది పొరపాటు. ఆగస్టులో మట్టి యింకను వెచ్చగా నుండును. వెచ్చని తడిమట్టిలో బూజుజాతి రోగములు విజృంభించి గడ్డను కుళ్ళజేయును. అట్లు కుళ్ళకపోయినను కొన్ని గడ్డలు ఆకులను అకాలమున పైకి పంపి, రాబోవు మంచునకు వానిని బలియిచ్చి, దాచుకొన్న ఆహారమును వృథా చేసికొనును. ముందు పోయిన ముప్పు, వెనుక పడిన ముప్పు. ఆలస్యముగా నాటిన గడ్డకు వేళ్ళూనుటకు వ్యవధి యుండదు.

ఈ కారణముచేత పంచాంగములోని తేదీకంటె మట్టిని నమ్ముట మేలు. ఆరంగుళముల లోతున ఉష్ణమాపకమును గ్రుచ్చి చూచు తోటమాలులు కలరు. అది లేనివారు రాత్రులు వరుసగా అయిదునుండి పది డిగ్రీలకు దిగుచున్నవా లేదా యని గమనింతురు. ఆ విధముగా చూచినపుడు ఊరూరికిని కాలము మాఱును. పశ్చిమ కెనడా మైదానములలోని ఎడ్మంటన్, విన్నిపెగ్ నగరములలో చలి త్వరగా వచ్చును గనుక సెప్టెంబరు నడుమనుండి అక్టోబరు మొదటి దినములవఱకు నాటుదురు. ఒట్టావాలో సెప్టెంబరు చివరనుండి అక్టోబరు అంతయు అనుకూలము. సముద్రతీరమున నుండి చలి మందముగా వచ్చు హాలెండులో అక్టోబరు, నవంబరు మాసములు. మన దేశమున శ్రీనగరములో దాలు సరస్సు నొద్ద, జబర్వాన్ కొండల దిగువనున్న తులిప్ తోటలో సైతము అక్టోబరు, నవంబరులలోనే నాటుదురు. మార్చి చివరనో ఏప్రిలులోనో అవి పూచును.

ఒకే తోటలోనైనను అన్ని గడ్డలకు ఒకే దినము తగదు. డాఫడిల్ గడ్డ వేళ్ళూనుటకు ఎక్కువ కాలము పట్టును. కనుక దానిని మొదట నాటవలెను. చిన్న క్రోకస్, నీలిపూల సైబీరియా సిల్లా మున్నగునవి దానితోపాటే. తులిప్ చివరిది. అది కొంత ఆలస్యమునకు ఓర్చుకొనును. పైగా చల్లని మట్టిలో దానికి సోకు బూజుతెగులు తగ్గును. అయితే ఏదో పనులవలన నాటుట తప్పిపోయి, డిసెంబరు వచ్చి, గడ్డలు ఇంకను సంచిలోనే యున్నచో ఏమి చేయవలెను? పార దిగినంతవఱకు నాటివేయుటయే ఉత్తమము. వడ్లగింజవలె వచ్చే సంవత్సరమునకు దాచుదమన్న అది సాగదు. సంచిలో మిగిలిన గడ్డ తన ఆహారమును తానే తిని ముడుచుకొనిపోవును. ఆలస్యముగా నాటినది సగము పూచిననను లాభమే.

ఎంత లోతున నాటవలె నన్నది మఱియొక ప్రశ్న. గడ్డ యెత్తునకు మూడింతల లోతు సామాన్య నియమము; తులిప్పునకు అది ఆరు మొదలు ఎనిమిదంగుళములు. మొన పైకిని, వేళ్ళ బిళ్ళ క్రిందికిని ఉండవలెను. తలక్రిందులుగా పడినను అది చావదు. కాడ వంకర తిరిగి పైకి వచ్చును, కాని ఆ శ్రమలో కొంత బలమును, కాలమును కోల్పోవును. నాటిన పిమ్మట ఒకసారి నీరు పెట్టుట అవసరము. ఆ మీదట నీరు నిలువ రాదు. తులిప్పును చలికంటె ఎక్కువగా చంపునది నిలిచిన నీరే. బంకమట్టియైనచో ఇసుకయు, చివికిన ఆకుల ఎరువును కలిపి గుల్లపఱుతురు.

లోతుగా నాటుటలో మఱియొక రహస్యము కలదు. నీరు మంచుగా మాఱునపుడు నూటికి సుమారు తొమ్మిది పాళ్ళు వ్యాకోచించును. పగలు కరగి రాత్రి బిగియుచుండు నేల మాటిమాటికి ఉబ్బి, అణగి, లోతు తక్కువగా నున్న గడ్డలను కొంచెము కొంచెముగా పైకి నెట్టివేయును. ఒకసారి బిగిసి వసంతమువఱకు కదలక యుండు నేలలో గడ్డ క్షేమముగా నుండును. మాటిమాటికి మాఱు నేలలోనే దానికి అపాయము. అందుచేత ఆ దేశపు తోటమాలి దట్టమైన మంచును చూచి దుఃఖింపడు. మంచు రేణువుల నడుమ చిక్కుకొన్న గాలి ఉష్ణమును పోనీయదు. పైన గాలి సున్నకు దిగువన ముప్పది డిగ్రీలున్నను, రెండడుగుల మంచు క్రింద మట్టి సున్నకు దగ్గఱగనే యుండును. ఒట్టావాలో అతడు భయపడునది మంచు కురియని శీతకాలమునకే. మంచు తక్కువగా పడుచోట్ల ఎండుగడ్డిని, రాలిన ఆకులను మడిపై కప్పుదురు. దానిని సైతము నేల పైపొర బిగిసిన తరువాతనే కప్పవలెను. ముందే కప్పినచో నేల వెచ్చగానే యుండి గడ్డ మోసపోవును. ఎలుకలకు హాయియైన ఇల్లు కట్టియిచ్చినట్లు నగును. ఉడుతల బెడద వేఱుగా నున్నది. అవి తులిప్ గడ్డలను త్రవ్వి తినును. విషముగల డాఫడిల్ జోలికి పోవు. మడులపై ఇనుప తీగెవల పఱచి మన్ను కప్పుట అచ్చట పరిపాటి.

తులిప్ గడ్డలను మనుష్యులు తిన్న కాలము గూడ నొకటి కలదు. ఒట్టావా పూవుల చరిత్ర దానితో ముడిపడియున్నది. 1940లో జర్మను సేనలు హాలెండు నాక్రమింపగా, ఆ దేశపు యువరాణి జూలియానా తన పిల్లలతో ఒట్టావా చేరి తలదాచుకొనెను. 1943 జనవరి 19వ తేదీన అచ్చటి ఆసుపత్రిలో ఆమెకు మార్గరీట్ అను కుమార్తె జన్మించెను. శిశువు కెనడా పౌరురాలు గాక హాలెండు పౌరసత్వము మాత్రమే పొందునట్లు, కెనడా ప్రభుత్వము ఆ ప్రసవపు గదులను తాత్కాలికముగా తన అధికారపరిధినుండి తొలగించెను. ఆ కాలమున హాలెండులోని ప్రజల దుస్థితి వర్ణనాతీతము. 1944–45 శీతకాలమున పడమటి భాగమునకు ఆహారము రాక నిలిచిపోగా సుమారు ఇరువదివేలమంది ఆకలికి బలియైరి. యుద్ధమువలన అమ్ముడుపోక కొట్లలో మిగిలిన తులిప్ గడ్డలను జనులు ఉడికించి తినిరి. నడుమనున్న పసుపుపచ్చని మొగ్గ హానికరము గనుక దానిని తీసివేసి వండవలెనని వారికి బోధింపబడెను. రాబోవు పూవును తీసి పాఱవైచి గడ్డను తినవలసిన దుర్దినము లవి.

హాలెండును విడిపించిన సేనలలో కెనడా సైనికులు ముఖ్యులు. యుద్ధము ముగిసిన 1945లో హాలెండు దేశము కృతజ్ఞతతో లక్ష తులిప్ గడ్డలను ఒట్టావాకు పంపెను. అవి శరత్కాలమున నాటబడి, ఆ శీతకాలమంతయు మంచు క్రింద నుండి, 1946 వసంతమున పూచెను. జూలియానా 1948లో రాణియై 1980వఱకు పాలించెను. నాటినుండి నేటివఱకు హాలెండు రాజకుటుంబమును, ఆ దేశపు గడ్డల వర్తకులును కలసి యేటేట ఇరువదివేల గడ్డలను పంపుచునే యున్నారు. మాలక్ కార్ష్ అను ఛాయాచిత్రకారుని ప్రోత్సాహమున 1953లో ఒట్టావాలో మొదటి తులిప్ ఉత్సవము జరిగెను. ఇప్పుడు ఆ నగరమున ఇంచుమించు పదిలక్షల పూవులు పూయును. డౌస్ సరస్సు నొద్దనున్న ఉద్యానమున మాత్రమే మూడులక్షల వఱకు నుండును.

చలి లేని దేశమువారు ఈ పూవును చూడజాలరా? చలిని ముందుగా గడ్డకు ఇచ్చి తరువాత నాటుట ఒక ఉపాయము. హాలెండులో శీతల గదులలో తగినన్ని వారములుంచిన గడ్డలను తెప్పించి ఇటీవలి సంవత్సరములలో ఢిల్లీ నగరమున శాంతిపథము మున్నగు చోట్ల నాటుచున్నారు. అవి ఫిబ్రవరిలో పూచుచున్నవి. ఇంటిలోని శీతలపేటికయందు ఉంచియు ఈ పని చేయవచ్చును. కాని అందు ఆపిలుపండ్లు ఉంచరాదు. పండుచున్న పండునుండి వెలువడు ఇథిలీన్ వాయువు గడ్డలోని పసిపూవును చంపివేయును. మన యెండలు ముదిరినంతనే ఆ మొక్కల కథ ముగియును. మరుసటి సంవత్సరమునకు అవి పనికిరావు.

శీతల దేశమున గూడ మరుసటి యేటికి పూవు కావలె నన్నచో పూచిన తరువాత ఆకులను కోయరాదు. పూవు వాడిన పిమ్మట సుమారు ఆరు వారములు ఆ ఆకులు చూచుటకు వికారముగా పడియున్నను, అవి ఆ కాలమున ఆహారమును తయారుచేసి నేలలోనికి పంపుచుండును. పాత గడ్డ కాడను, పూవును పోషించి తాను నశించును. దాని ప్రక్కనే పుట్టిన పిల్లగడ్డలు ఈ ఆహారముతో బలియును. ఆకులు పూర్తిగా పండి పసుపుబారినపుడు మాత్రమే వానిని తీసివేయవలెను. నగరపు ఉద్యానములలో అంత ఓపిక పట్టక, మడులను వేసవి మొక్కలకు ఖాళీచేసి, శరత్కాలమున మరల క్రొత్త గడ్డలను నాటుదురు.

గడ్డజాతి యన్నంతనే అన్నియు చలిని కోరునని తలంపరాదు. డేలియా మెక్సికో దేశమునకు చెందినది. మన పెరళ్ళలోని నేలసంపెంగయు అచ్చటిదే. గ్లాడియోలస్ జాతులు ఎక్కువగా ఆఫ్రికా దక్షిణభాగమునకు చెందినవి. వీనికిని, మన మెట్టతామరకును మంచు మృత్యువు. ఒట్టావావంటి చోట్ల వీనిని మే నెల చివర, ఆఖరి మంచు భయము తొలగిన పిమ్మట నాటి, శరత్కాలపు మొదటి మంచునకు ఆకులు నల్లబడినంతనే త్రవ్వి తీసి, మట్టి దులిపి, చలి సోకని నేలమాళిగలలో భద్రపఱుతురు. అందుచేత అక్టోబరు నెలలో ఒకే మడిలో ఒకే తోటమాలి రెండు పనులు చేయుచు కనిపించును. మంచు పడకమునుపే డేలియా దుంపలను పైకి తీసి బుట్టలో వేయును. అవి విడిచిన గుంటలలోనే, అదే మంచునకై, తులిప్ గడ్డలను దించి మన్ను కప్పును.